కుప్పంలో కిటికీ సీటు

1979 ఫిబ్రవరి 5, సోమవారం

రత్న నోరు తెరిచింది.

కార్తీకంలో పాపను పూడ్చిపెట్టి వచ్చినప్పటి నుంచి నా భార్య నోట ‘ఊ’, ‘ఆ’ తప్ప మాట లేదు. పుట్టి ఏడవని పాప. ఆ ఏడుపూ తల్లి మాటా రెండూ ఒకేసారి పోయాయి అనుకున్నాను. ఈ సాయంత్రం డ్యూటీ దిగి కాళ్లు కడుక్కుంటుంటే వెనక నుంచి...

“నాకు రైలు సూడాలనుండాది.”

చెంబు చేతిలోనే ఉండిపోయింది. యాడికి పోదాం అంటే, “యాడికీ వొద్దు. ఊరికే సూడల్ల.”

పుట్టింది చౌడేపల్లె, మెట్టింది పుంగనూరు. రెండుచోట్లా రైలు లేదు. బొమ్మలో తప్ప చూసి ఎరగదు. మొగుడు బస్సు కండక్టరు, పెళ్లాం అడిగింది రైలు! సరే. లోపలికి పోయి ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గెందుకు.

ఫిబ్రవరి 6, మంగళవారం

ఏ స్టేషన్? మదనపల్లె రోడ్డా, కుప్పమా? డిపోలో ఖాదర్‌ని అడిగాను. కుప్పం బస్సుకు కండక్టరు, నాకు తమ్ముడిలాంటివాడు.

“మదనపల్లె రోడ్డులో చిన్న పట్టాలన్నా. ఎప్పుడో ఒక బండి. కుప్పంలో అయితే మద్రాసు, బెంగుళూరు బండ్లన్నీ ఆడ్నే పోవల్ల.” తల గోక్కున్నాడు. “అయినా వదినెకు బొగ్గింజను సూపించల్ల గదన్నా. అదైతే మదనపల్లె రోడ్డులోనే ఖాయం. పొగ లేకపోతే అదేం రైలు?”

సలహా అడిగితే సందేహం ఇచ్చి పోయాడు.

ఫిబ్రవరి 9, శుక్రవారం

మదనపల్లె బస్టాండులో రోజూ ఉండే గొడవే. నిమ్మనపల్లె మనిషి కిటికీలోంచి తువ్వాలు వేసి, సీటు పట్టి, టీ తాగడానికి పోయాడు. కూరగాయల గంపతో ఒక అవ్వ ఎక్కింది. కూర్చో అవ్వా అంటే వినదే. “వొద్దునాయినా, తువ్వాలు ఏసుండారు. మనిషొస్తాడు.” మోకాళ్లు వణుకుతున్నా నిలబడే ఉంది. తువ్వాలు మాత్రం టికెట్టు లేకుండా దర్జాగా కూర్చుంది.

ఇన్నేళ్లుగా విజిల్ ఊదుతున్నాను. ఆ తువ్వాలుకున్న మర్యాద నాకు లేదు.

ఫిబ్రవరి 14, బుధవారం

ఆఫ్. ముందు నేనొక్కడినే పోయి చూసి వద్దామని మదనపల్లె రోడ్డు స్టేషన్‌కి పోయాను.

బాగుంది. వేపచెట్టు నీడ, సిమెంటు బెంచీ. బొగ్గింజను ఒకటి వచ్చి నిలబడి నీళ్లు తాగింది, ఎండలో పని చేసొచ్చిన ఎద్దు తాగినట్టు. ఇదే, ఇంకేం వెతకొద్దు అనుకున్నాను.

ఇంజను పోయింది. తర్వాతి బండి ఎప్పటికో. పక్కన కూర్చున్న పెద్దామెకు తోచలేదు. వక్కాకు నములుతూ నావైపు తిరిగింది. “యా ఊరప్పా? పెండ్లయిందా? పిల్లోళ్లెంతమంది?”

పాపం, మంచిదే. ఆమె తప్పేముంది, బెంచీ మీద ఎవరైనా అడిగేదే. నేనే లేచి పక్కకు పోయాను. రత్న అక్కడ కూర్చుని ఉంటే?

మదనపల్లె రోడ్డు వద్దు.

ఫిబ్రవరి 18, ఆదివారం

“రైలు ఎప్పుడు?” అంది రత్న. పొయ్యి ఊదుతూ. నావైపు చూడకుండానే.

ఫిబ్రవరి 21, బుధవారం

ఖాదర్ బస్సులో కుప్పం. ప్లాట్‌ఫాం టికెట్టు కొన్నాను. దినమంతా టికెట్లు కొట్టేవాడిని, ఊరికే నిలబడటానికి టికెట్టు కొంటుంటే నవ్వొచ్చింది.

ఇది వేరే లోకం. పాసులవాళ్లు, టిఫిన్ క్యారియర్లు, బంగారుపేట వైపు పనులకు పోయేవాళ్లు, వచ్చేవాళ్లు. ఒకడి ముఖం ఇంకొకడు చూడడు. ‘యా ఊరు’ అని అడిగేలోపల బండి వచ్చేస్తుంది. నాకు కావలసింది ఇదే.

కొళాయి దాటినాక ప్లాట్‌ఫాం చివర ఒక రాతిబెంచీ. మధ్యాహ్నం దాటితే నీడ. టీ అమ్మే పెద్దాయన ఖాదర్‌కు తెలిసినవాడే. ఆయనతో ఉన్న సంగతి చెప్పాను, ఎక్కడానికి కాదు, నా భార్యకు చూపించడానికని.

“సూడు సామీ, సూస్తే అరిగిపోతాదా? పొద్దు వాలినాక రాండి. మెయిలు నిలబడకుండా పోతాది, బంగారుపేట ప్యాసింజరు నిలస్తాది. రెండు రకాలూ సూడొచ్చు.”

బొగ్గింజను వస్తుందో, డీజిలు వస్తుందో తెలీదట. పోనీ. పొగ లేకపోయినా ప్రశ్నలుండవు.

ఫిబ్రవరి 27, మంగళవారం

రేపు పోదామని చెప్పాను. తలూపింది. కాసేపటికి ఇనుప పెట్టె తెరిచిన చప్పుడు. దాని అడుగున ఏముందో ఇద్దరికీ తెలుసు. కాన్పుకు ముందు పాత చీరలతో కుట్టిన చిన్న బొంత. నేను లోపలికి పోలేదు.

ఫిబ్రవరి 28, బుధవారం

వరసగా రాయాలి, లేకపోతే మరిచిపోతాను.

రాతిబెంచీ ఖాళీగా ఉంది. రత్న ఒళ్లో సంచి. పెరుగన్నం అనుకున్నాను. ముందు గూడ్సు పోయింది. తర్వాత మెయిలు. నేల అదిరింది, దుమ్ము లేచింది, రత్న నా చొక్కా చెయ్యి పట్టుకుంది. పెళ్లయిన కొత్తలో తిరనాళ్ల రద్దీలో అట్లా పట్టుకుంది. “ఇంత పెద్దదా!” అంది. ఎవరూ మా వైపు చూడలేదు. నేను మంచి చోటే ఎంచానని లోపల మీసం తిప్పుకుంటున్నాను.

అప్పుడు ప్యాసింజరు వచ్చింది. బొగ్గింజనే! జనం ఎగబడ్డారు. మా బస్టాండే. కమ్మీల సందుల్లోంచి తువ్వాళ్లు, సంచులు తోసి సీట్లు పట్టుకుంటున్నారు. రత్న అదే పనిగా చూసింది. లేచింది. సంచిలోంచి తీసింది.

బొంత.

ఒక కిటికీ దగ్గరికి పోయి, మడతపెట్టి, కమ్మీల మధ్య నుంచి లోపలికి తోసి, ఖాళీ సీటు మీద సర్దింది. ఎదుటి సీటులో మల్లెపూలు పెట్టుకున్న ఒకామె ఉంది. రత్న ఆమెతో స్పష్టంగా అంది.

“ఈడ మనిషుండాది, అమ్మా.”

“సరేమ్మా, నేను సూసుకుంటా. తొందరగా ఎక్కు,” అంది ఆమె.

గార్డు విజిల్. నేను ముందుకు దూకబోయాను. రత్న నా మణికట్టు పట్టుకుని ఆపింది. “పోనీ. కిటికీ పక్కన ఏసినా. గాలొస్తాది.”

బండి వంపు తిరిగేదాకా నిలబడ్డాం. సంచి అడుగున పెరుగన్నం ఉంది. తిన్నాం. తిరుగు బస్సులో నా భుజం మీద తల పెట్టి గొంతెత్తి ఏడ్చింది, పాప పోయాక మొదటిసారి. ఖాదర్ మా సీటు దగ్గరికి టికెట్ల కోసం రాలేదు.

మార్చి 2, శుక్రవారం

వంకాయ కూరలో ఉప్పెక్కువైందన్నాను. “నోట్లో పెట్టుకోకముందే యాల సెప్తావు?” అంది. మళ్లీ వడ్డించమన్నాను. అంత కమ్మగా ఉంది, ఆ మాట.

మార్చి 5, సోమవారం

డిపోలో ఖాదర్. చేతిలో కాగితం పొట్లం. ముఖం అదోలా ఉంది.

“కుప్పం టీ పెద్దాయన ఇచ్చినాడన్నా. ఆ పూలామె బంగారుపేట దాకా ఆ సీట్లో ఎవుర్నీ కూసోనీలేదంట. నిలబడినోళ్లు గొడవకొచ్చినా, ‘సీటు పట్టిపోయినారు, మనిషొస్తాది’ అని కొట్లాడిందంట. ఆఖరికి రాలేదే అని బాధపడి, తిరిగొస్తా పెద్దాయన చేతిలో బొంత పెట్టి పోయిందంట. బండి తప్పిపోయినట్టుండాది పాపం, ఇచ్చేయి, అనిందంట.”

మిగతా ట్రిప్పులు ఎట్లా చేశానో తెలీదు. చౌడేపల్లె టికెట్టు అడిగినామెకు మదనపల్లె టికెట్టు చింపిచ్చాను.

మార్చి 6, మంగళవారం

బొంత నా డ్యూటీ సంచిలోనే ఉంది. సంచి మేకుకు వేలాడుతోంది.

పెట్టెలో పెట్టేస్తే? పంపేసిందాన్ని మళ్లీ ఇంట్లోకి తెచ్చే హక్కు నాకేముంది. దాచేస్తే? ఆ సీట్లో ఎవ్వరూ కూర్చోలేదన్న మాట కూడా దాచినట్టే. ఆ మాట ఆమెకు చెప్పాలి. ఎట్లా తెలిసిందంటే?

ఖాదర్‌ని అడగలేదు. మళ్లీ ఇంకో సందేహం ఇస్తాడు.

మార్చి 7, బుధవారం

ఆఫ్. రత్న గడపలో కూర్చుని తల దువ్వుకుంటోంది. జడ చివర పళ్లతో పట్టుకుని, ఏదో కూరగాయల సంగతి అడిగినట్టు అడిగింది.

“ఇదో... ఆ సీట్లో ఎవురైనా కూసోనుంటారా?”

సంచి వేలాడుతున్న మేకు నా వెనకే ఉంది. వస్తా ఉండు అని లోపలికి వచ్చి, ఇది రాస్తున్నాను.

మళ్లీ అడుగుతోంది.