పార్కింగులో కుళాయిలు

బుధవారం, రాత్రి

మద్దిలపాలెంలో కట్టబోయే పార్కింగ్ బిల్డింగ్ డిజైన్‌ని కాలనీ కమిటీవాళ్ళు ఈరోజు ఒప్పుకున్నారు. గీసింది నేను. ఈ మాట ఇంకోసారి రాసుకోవాలనుంది.

"కార్లు పెట్టే చోట చేతులు కడుక్కునే కుళాయిలు ఏటమ్మా?" అని కమిటీ పెద్దాయన అడిగారు.

"మన అపార్ట్‌మెంట్లలో ఫంక్షన్ భోజనాలు సెల్లార్లోనే కదండీ. ఇక్కడ ఆ రోజు కార్లు పై అంతస్తుకి పోతాయి. కింద బంతి వేసి వడ్డించుకోవచ్చు" అన్నాను.

ఆయన నవ్వారు. "మా మనవరాలి ఓణీల ఫంక్షనూ సెల్లార్లోనే సేసాం" అంటూ సంతకం పెట్టారు.

అప్పటినుంచీ నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇంటికి రాగానే అమ్మకి డ్రాయింగ్ చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని ఆ మూల నుంచి ఈ మూలకి వేలితో వెతికింది.

"బాగుంది గానీ, వంట ఎక్కడ సేత్తారే?"

కుళాయిలు గీశాను. పొయ్యికి చోటు గీయలేదు.