స్కేలు పెట్టి గీసిన అడవి

శనివారం, జూన్

ఈరోజు మా ముందు గదిలో డ్రాయింగ్ క్లాసుకు పిల్లలందరూ వచ్చారు. అడవి గీయమన్నాను. అందరూ వంకర కొమ్మలు, నెమళ్ళు, పులులు గీశారు. మా మెర్సీ మాత్రం స్కేలు పెట్టి నిలువు గీతలు గీసింది. చెట్లన్నీ ఒకే ఎత్తు, మధ్యలో ఒకే ఎడం. చివర ఒక లారీ.

"అడవిని ఎవరైనా స్కేలుతో గీస్తరా?" అన్నాను.

"అమ్మమ్మోళ్ల ఊరికి పోయేటప్పుడు బస్సుల నువ్వే చెప్తవ్ కద మమ్మీ, అడవి వచ్చింది చూడు అని. గిట్లనే ఉంటది."

అది జామాయిల్ తోట. కాగితం మిల్లు కోసం వరసల్లో నాటి, కొట్టి, మళ్ళీ నాటే చెట్లు. దాన్ని అడవి అని నేను చూపించిన మాట కూడా నిజమే. మా అమ్మవాళ్ళ ఊరు చండ్రుగొండ వెళ్ళిన ప్రతిసారీ చూపించాను.

మెర్సీ వాళ్ళ నాన్న డ్యూటీ నుంచి వచ్చి బొమ్మ చూశాడు. "మంచిగనే గీసింది కద, ఏంది నీ బాధ?" అన్నాడు. నిజానికి బొమ్మలో తప్పేమీ లేదు. లారీ చక్రాలు బాగా కుదిరాయి.

"మరి అసలు అడవి ఎట్లుంటది?" అని అడిగింది మెర్సీ. రేపు చర్చి అయ్యాక స్కూటీ మీద తీసుకెళ్తానన్నాను.

అన్నాను గానీ, ఈ చుట్టుపక్కలే పుట్టి పెరిగినా అడవి పక్క నుంచి వెళ్ళడమే తప్ప, బండి దిగి లోపలికి నడిచింది లేదు. రేపు స్కూటీ ఎక్కడ ఆపాలో తెలియడం లేదు.

మెర్సీ బ్యాగు సర్దుకుని పడుకుంది. తెరిచి చూస్తే నీళ్ళ బాటిల్, పెన్సిల్, స్కేలు.

స్కేలు తీసేద్దామనుకుని, మళ్ళీ అందులోనే పెట్టేశాను.