ఫిడేలు పక్క కుర్చీ

సోమవారం, 11 ఆగస్టు 1958
పొద్దున చలికాలం నిలవకి చిక్కుళ్ళు సీసాల్లోకెక్కాయి. మధ్యాహ్నం ఉతుకు, సాయంత్రం ఇస్త్రీ అయ్యాయి. మిగిలింది ఈ ఉత్తరం.

ఓసీ వదినకు వెల్డా నమస్కారాలు.
మీ బాంజోకి మీ తమ్ముడు కొత్త తోలు బిగించాడు. బస్సులో పంపుతున్నాను. లోపల ఒక మేజోడు దొరికింది. పాపం, మడమ దగ్గర చిరిగిపోయింది. ఉతికి, రఫ్ఫు చేసి విడిగా కట్టాను. వచ్చే వారం శనివారం, ఇరవై మూడున, బడిలో జరిగే డాన్సుకి నేనూ నా బాంజో తెస్తున్నాను.
మీ వెల్డా
తా.క. రెండో మేజోడు పంపితే అదీ రఫ్ఫు చేస్తాను.

13 ఆగస్టు
వెల్డాకి,
ఆ మేజోడు ఉతకడానికి పెట్టింది కాదు. తోలు వెనక అది కూరితేనే నా బాంజో మనిషిలా మాట్లాడుతుంది. నువ్వు ఉతికాక అది కుంచించుకుపోయి నిలవడం లేదు. ఇప్పుడు తీగ తాకితే రేకు మీద వడగళ్ళే. డాన్సుల్లో ఫిడేలు వాయించే హోబర్ట్ తాత పక్కన ఉండేది ఒక్క కుర్చీ. నా పెళ్ళికి ముందు నుంచీ అందులో కూర్చునేది నేను. ఇప్పుడు నువ్వూ బాంజో తెస్తున్నావు. నాకు అర్థం కాదనుకోకు.
ఓసీ
తా.క. రెండోది మీ అన్నయ్య కాలికుంది.

15 ఆగస్టు
వదినా,
కుర్చీ మీద నాకు ఆశ లేదు. అయినా ఒక మాట. మీది గోటితో పైనుంచి కిందికి కొట్టడం. బొటనవేలు పొట్టి తీగని టింగుమనిపిస్తుంది. నాది మూడు వేళ్ళకి రేకు గోళ్ళు తొడిగి మీటడం. ఒక స్వరం ఆరేలోపు ఇంకో మూడు పుడతాయి. రేడియోలో ఇప్పుడంతా ఇదే. మీరు కాస్త విశ్రాంతి తీసుకుంటే తాతకి కొత్తది వినిపిద్దామని.
మీ మేలు కోరే వెల్డా
తా.క. మీ గోరు విరిగితే నా రేకు గోరు అరువిస్తాను.

18 ఆగస్టు
వెల్డాకి,
విశ్రాంతి తీసుకుంటున్నాను. కుర్చీ నీదే. గింజలేరే కోడి కూడా నీలాగే మీటుతుంది. దానికెవరూ డాన్సు చెయ్యరు.
ఓసీ
తా.క. బతిమాలితే రాను. బతిమాలకపోతే అసలు రాను.

ఆదివారం, 24 ఆగస్టు
వదినా,
ఇది రాసేదాకా పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. నిన్న మీ కుర్చీలో కూర్చుని వేళ్ళు నొప్పెట్టేలా మీటాను. జనం ఆట మానేసి నా చుట్టూ మూగారు. నేను పొంగిపోయాను. ఇంతలో ఫిడేలు ఆగింది. "ఓసీ ఏదమ్మా?" అన్నాడు తాత. మన మేజోడు గొడవంతా ఆయన చెవి దగ్గర అరిచి చెప్పాను. దానికి ఆయనన్నది ఇది:

"మేజోడుంటే నాకేం, లేకపోతే నాకేం? బాంజో నా చెవిన పడి ఎన్నేళ్ళయిందో. ఓసీ కొడితే అందరి కాళ్ళూ ఒక్కసారే పడతాయి, నేల అదురుతుంది. నాకు తాళం అరికాళ్ళకి అందుతుంది, బూట్లు విప్పేది అందుకే. నువ్వు మీటితే అందరూ నిలబడి వింటున్నారే తల్లీ. చెవిటివాణ్ణి, నేనేం చెయ్యను?"

ఆ కుర్చీ మీదే వదినా. బుద్ధి తక్కువై మాట్లాడాను. వచ్చే శనివారం మీరు కొట్టండి, నేను ఆడతాను.
మీ వెల్డా
తా.క. మీకు నేను బాకీ పడ్డ క్షమాపణ ఈ ఉత్తరంతో చెల్లు. మీరు నాకు పడ్డది కూడా చెల్లు రాసేసుకున్నాను.