పంపకాల మీద పని

ప్రియమైన అన్నకు,

నీ చెల్లె రూతు కలకత్తా నుంచి వందనాలతో రాస్తున్నది. నా ఒళ్లు బాగానే ఉంది. నువ్వూ వదినా బాగుండాలని రోజూ ప్రార్థనలో తలుస్తున్నాను. నా ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి కాగితం మీద రాయక తప్పలేదు. చింపేసే ముందు ఒక్కసారి చదువు.

ఇక్కడ వాన వదలడం లేదు. ఆరేసిన బట్టలు ఆరవు. ఏ కూర చూసినా ఆవనూనె వాసన. అలవాటైందిలే, దిగులు పడకు. జొన్నరొట్టె, పల్లికారం మాత్రం మరీ గుర్తొస్తున్నాయి.

నిన్న పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ అన్న సర్వేయర్‌ను తోల్కొచ్చి చెలకల హద్దురాళ్లు ఏపిచ్చిండు. నడిమిట్ల అడ్డమొచ్చిందని మీ నాయిన పెట్టిన మామిడిచెట్టు గూడ కొట్టిచ్చిండు. నువ్వే వాటా అడిగినవంట గద" అన్నది. నేనెప్పుడు అడిగాను అన్నా?

తర్వాత గుర్తొచ్చింది. పోయిన నెల వదిన ఫోన్‌లో, "గాడ ఏం జేస్తుంటవ్ రూతూ?" అని అడిగింది. గణితంలో నా పరిశోధన పార్టిషన్ల మీద అంటే ఆమెకేం తెలుస్తుందని, నా తెలివి తెల్లారినట్టే ఉంది, తెలుగు చేసి చెప్పాను.

"పంపకాల మీద పని చేస్తున్న వదినా. ఎన్ని తీర్ల పంచొచ్చో చూస్తున్న."

"రెండుంటే ఎట్ల పంచుతరు?"

"రెండే తీర్లు. మొత్తం ఒక్కదగ్గరనే ఉంచాలె, లేకుంటే చెరొకటి."

వదిన ఇంకేమీ అడగలేదు. మన కోడేరు చెలక రెండెకరాలని నాకు ఆ క్షణం తోచనే లేదు.

అన్నా, నేను పంచేది అంకెలను. ఐదును నాలుగు, ఒకటిగా పంచవచ్చు, మూడు, రెండుగానూ పంచవచ్చు. ముక్కలన్నీ ప్రధాన సంఖ్యలే అయ్యే పంపకాలు ఎన్ని అన్నదే నా లెక్క. ప్రధాన సంఖ్యలంటే ఒక్కొక్కటిగా తప్ప సమానమైన కుప్పలుగా విడిపోని సంఖ్యలు. మూడు, రెండు అలాంటివి. నాలుగు కాదు. ఒకటిని వాటిలో కలుపుకోరు. ఈ మధ్య నా బతుకూ అలాగే ఉంది.

ఈ పంపకంలో ఎన్ని ముక్కలు చేసినా తిరిగి కూడితే మొదటి సంఖ్యే వస్తుంది. నువ్వు చేసినదాన్ని కూడితే చెట్టు రాదు.

వాటా వద్దని కూడా నేను రాయను, నేనూ నాయిన బిడ్డనే. కానీ అడగలేదు. నాకు ఏడుపొచ్చింది అందుకూ కాదు. అడిగాననే అనుకున్నావు, ఒక్క మాట తిట్టలేదు, "ఎందుకే?" అనలేదు. ఎకరం కోసి పక్కన పెట్టేశావు. నాతో కొట్లాడినా బాగుండేది. అంత తొందరగా ఎట్లా వదిలించుకున్నావు అన్నా?

వదినను ఏమీ అనకు, ఆమె విన్నదే చెప్పింది. పెద్దమ్మకు నా వందనాలు చెప్పు. నీ దీవెన అడుగుతున్నాను. ఇది మాత్రం నిజంగా అడుగుతున్నాను.

నీ చెల్లె,
రూతు