గుడ్రున్ వదిన చేతి ఆపిల్

ట్యూబింగెన్, సోమవారం

గుడ్రున్ వదినా,

ఫోన్ చేస్తే మీ తమ్ముడు వింటారని, ఆయన్ను వదిలి రాలేక, ఈ కాగితం పక్కింటావిడ చేత పంపుతున్నాను. చదవగానే బయల్దేరండి.

ఈస్టరు ముందు చర్చిలో మీరు చేయించే ఉపవాసాల్లో ఆయన్నూ చేర్చుకున్నారు. షుగరుందని మీకు తెలుసు. కిడ్నీలు దెబ్బతిన్న సంగతి మాత్రం ఆయన మీ దగ్గర దాచారు. పోయినేడు వైద్యశాలలో డాక్టర్లు దగ్గరుండి, మాత్రలు తగ్గించి పస్తు ఉంచితే మూత్రంలో ప్రోటీన్ తగ్గి, కిడ్నీలు కాస్త నయమనిపించాయి. ఈయన అదే పట్టుకుని కూర్చున్నారు. "ఈ కిడ్నీలతో ఇప్పుడు వద్దంటే వద్దు" అని డాక్టరమ్మ మొత్తుకుంది. వింటేగా! షుగరు మాత్రలన్నీ తగ్గించకుండా మింగుతూ, మీరు చెప్పిన కూరగాయల కషాయం ఒక్కటే తాగుతున్నారు.

పొద్దున షుగరు పడిపోయి, చెమటలు పట్టి మెట్ల మీద కూలబడ్డారు. చక్కెర నీళ్లు నోట్లో పోస్తే తేరుకుని, "నా ఉపవాసం చెడగొట్టావు కదే!" అని నన్నే తిట్టారు. ఆసుపత్రికి రారు, ముద్ద ముట్టరు. ఆఖరి రోజున మీరు ఆపిల్ చేతికిస్తేగానీ ఎవరూ పస్తు విడవరట కదా! "అక్క ఇస్తేనే తింటా. డయాలిసిస్ మంచం ఎక్కడం కంటే ఇదే నయం" అంటున్నారు.

ఈ కాగితంతో పంపిన సంచిలో ఆపిల్ పెట్టాను. కిడ్నీల మాట ఎత్తకండి, బిగుసుకుపోతారు. "ఆఖరి రోజు ఇవాళే, తమ్ముడూ" అని చేతికివ్వండి. ఆ అబద్ధం పాపం నా నెత్తిన వేయండి. మొదటి ముక్క మింగేదాకా మాత్రం ఆయన చెయ్యి వదలకండి.

మీ మరదలు