నోరు పెట్టొద్దని ఎవరూ అనలేదు

మే 2

ఈ రోజు నా చేత వేలిముద్ర వేయించుకున్నారు. అందుకే ఈ డైరీ. చెప్పేది నేను, రాసేది కోడలు. నాకు అక్షరం ముక్క రాదు. రాకపోతే ఏం, నోరుంది. వాళ్ళ ఫైల్లో నా వేలు ఉన్నప్పుడు నా వైపు నుంచి కూడా ఒక రాత ఉండాలి కదా. లారీ ఆఫీసు వాళ్ళు మావాడికి, అదే లారీ తోలే మా అబ్బాయికి, ఇచ్చిన డైరీ ఇది. సంక్షేమమో క్షామమో ఏదో అట్ట మీద రాసుందట. లోపలంతా ఖాళీ.

సంగతేమిటంటే, మా మనవరాలు యువజన క్లబ్బులో చేరింది. పదమూడేళ్ళు. పిట్ట అంటాం. నోట్లో నాలుక లేని పిల్ల. ఎవరి పోలికో తెలీదు, నాది మాత్రం కాదు. ఎండాకాలం సెలవుల్లో క్లబ్బు వాళ్ళు పిల్లలకి ఈత, మొక్కలు పెంచడం, దెబ్బ తగిలితే కట్టు కట్టడం, స్టేజీ ఎక్కి మాట్లాడటం నేర్పుతారు. ఇవి కాక ఒక్కొక్కరూ ఒక ప్రాజెక్ట్ తీసుకోవాలి. పిట్ట మా ఆవు దూడని తీసుకుంది. నల్ల పెయ్య. బొగ్గు అని పేరు పెట్టింది. సెలవుల ఆఖర్లో షో. దూడల్లో ఫస్ట్ వచ్చిన పిల్లకి రిబ్బను కడతారు, పశువుల కాలేజీలో క్యాంపుకి పంపుతారు.

రూలు ఏమిటంటే పిల్ల తప్ప ఇంట్లో ఇంకెవరూ దూడ మీద చెయ్యి వెయ్యకూడదు. తాగించడం, కడగడం, నడిపించడం, పేడ ఎత్తడం, అన్నీ పిల్లే. క్లబ్బు టీచరమ్మ చదివి వినిపించింది. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివింది. చెయ్యి అనే ఉంది. సరే అని వేలు అద్దాను.

మే 6

చేతులు దురద పెడుతున్నాయి.

మే 9

పొద్దున్నే పిట్ట బొగ్గు తలకాయ పట్టుకుని పాల బకెట్టులో కుక్కుతోంది. అది ఉక్కిరిబిక్కిరై పిల్ల మొహం మీద తుమ్మింది. పాలన్నీ మట్టిపాలు. మంచం మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే అరిచాను. చంపేస్తావుటే దాన్ని, వేళ్ళు ముంచి నోట్లో పెట్టు, చీకుతుంటే మెల్లిగా చెయ్యి కిందకి దించు అని. పిట్ట వేళ్ళు పెట్టింది. దూడ చీకింది. మూతి పాలలోకి వెళ్ళింది. తాగేసింది.

కోడలు వంటింట్లోంచి తొంగి చూసి, రూలు కదా అత్తయ్యా అంది. చెయ్యి ఎవరిది అన్నాను. పిట్టదేనంది. నోరు ఎవరిది అన్నాను. నవ్వుకుంటూ లోపలికి పోయింది. ఈ ముక్క కూడా రాయి అమ్మాయ్. నవ్వావని కూడా రాయి.

మే 17

ఈత వచ్చేసింది పిల్లకి. టీచరమ్మ స్వయంగా వచ్చి చెప్పింది, చేపలా ఉందట. కట్లు కట్టడం కూడా వచ్చు, నా మోకాలికి కట్టింది, బాత్రూముకి కూడా పోలేకపోయాను.

స్టేజీయే రాలేదు. నిన్న మైకు ముందు నిలబెట్టారట. అలాగే నిలబడి, అలాగే దిగి వచ్చేసిందట. ఆ వెనకాల పిండిమిల్లు ఆయన కూతురు ఎక్కి గడగడా చెప్పేసిందట, అందరూ చప్పట్లు. మిల్లు ఆయన క్లబ్బు కమిటీలో మెంబరు కూడాను. మా కోడలితో అన్నాడట, మీ పిల్లకి మాటలు వచ్చా అసలు, డాక్టరుకి చూపించారా అని. కోడలు పిల్లని తీసుకుని వచ్చేసింది. నేనుంటే ఆయన్నే డాక్టరు దగ్గరికి మోసుకెళ్ళాల్సి వచ్చేది.

ఇంటికొచ్చి పిట్ట తిన్నగా షెడ్డులోకి పోయింది. దూడతోనైనా గోడు చెప్పుకుంటుందేమో అని చెవి ఒగ్గాను. ఊహూ. అక్కడా మాట లేదు. గడ్డం కింద గీరుతూ నిలబడింది, అంతే.

మే 26

నడిపించడం మొదలైంది. తాడు ఇటు, దూడ అటు. గట్టిగా లాగవే అన్నాను, లాగదు. వెనక నుంచి ఒక్కటి తట్టు అన్నాను, తట్టదు. తల పైకెత్తి పట్టు అన్నాను, పట్టదు. నడవ్వే బొగ్గూ అని నేనే దూడకి తిన్నగా చెప్పేశాను. అది మాత్రం కదిలింది! ఆవులతో పుట్టి ఆవులతో పెరిగినదాన్ని, నా గొంతులో ఆ పవర్ ఉంటుంది.

పక్కింటి టైలరు గోడ మీంచి తొంగి చూసి, రేడియో అయితే బటన్ నొక్కితే ఆగేది పెద్దమ్మా అన్నాడు. నీ మిషను మోత కంటే నయంలేరా, దానివల్ల ఒక్క జాకెట్టయినా సరిగ్గా వచ్చిందా అన్నాను. గోడ దిగిపోయాడు.

మే 29

పిట్ట దూడని షెడ్డు వెనక్కి తీసుకుపోతోంది. మంచం మీంచి నాకు కనబడదు. కావాలనే. నా మోకాలు ఆ గతుకుల్లో నడవదని దానికి తెలుసు. అరిచాను. వినిపించుకోలేదు. దాని నాన్న ఇలాగే చేసేవాడు, రెండు తగిలించేదాన్ని. ఇప్పుడు చెయ్యి వెయ్యకూడదన్నది దూడ మీదే గానీ, పిల్ల మీద కూడా ఎందుకో లేవడం లేదు.

జూన్ 7, సాయంత్రం ఆరు

గెలిచాం!

షో బడి గ్రౌండులో పెట్టారు. చుట్టూ తాడు కట్టి, మధ్యలో పిల్లలు, దూడలు. మిల్లు ఆయన కూతురు ఎర్రదూడని పట్టుకుని దర్జాగా తిరిగింది. దూడకి నూనె రాశారు, పండగ దానికి కాదు, ఈగలకి. పిట్ట వంతు వచ్చింది. సగం రౌండు బాగానే నడిచింది. మైకువాడు ఉన్నట్టుండి కీచుమనిపించాడు. బొగ్గు నాలుగు కాళ్ళూ భూమిలో దిగేసి నిలబడిపోయింది. పిట్ట కూడా నిలబడిపోయింది. మా వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. మిల్లు ఆయనే.

నాకు ఒళ్ళు మండిపోయింది. తాడు దగ్గరికి పోయి, నడవ్వే బొగ్గూ, అని ఒక్క కేక పెట్టాను. గ్రౌండంతా ఉలిక్కిపడింది. బొగ్గు నడిచింది. రౌండు పూర్తయింది. జడ్జమ్మ వచ్చి దూడ పళ్ళు చూసింది, డెక్కలు చూసింది, నెత్తురు తాగే పిడుదు ఒక్కటైనా ఉందేమో అని చెవి వెనక వెతికింది, దొరకలేదు. ఫస్ట్! రిబ్బను కట్టారు.

పిట్ట మాత్రం దారంతా తల ఎత్తలేదు. సిగ్గనుకున్నాను.

జూన్ 8

రిబ్బను లాక్కున్నారు.

మిల్లు ఆయన కంప్లెయింటు పెట్టాడు. దూడ నానమ్మదట, మనవరాలు ఊరికే తాడు పట్టుకుందట, అది ముసలమ్మ మాట తప్ప ఇంకెవరి మాటా వినదని ఊరంతా చూసిందట. టీచరమ్మ ఇంటికొచ్చింది. పాపం ఆవిడ మొహం మాడిపోయి ఉంది. పిట్టని అడిగింది, దూడని పెంచింది నువ్వేనా చెప్పమ్మా అని. ఇది నోరు తెరిస్తేగా. లోపలికి వెళ్ళి రిబ్బను తెచ్చి ఆవిడ చేతిలో పెట్టేసింది. అంటే ఒప్పుకున్నట్టే అయిపోయింది కదా. బుధవారం మీటింగు పెట్టి రిబ్బనూ క్యాంపు సీటూ ఎవరికో తేలుస్తారట.

ఆవిడ వెళ్ళాక పిట్టని నిలదీశాను. ఎందుకిచ్చావే అని. అప్పుడు నోరు తెరిచింది, నా మీద. ఒక్క నిమిషం ఆగి ఉంటే అదే నడిచేదట. మోత వింటే అది ఆగుతుందట, కాసేపు వదిలేస్తే దానంతటదే కదులుతుందట. నిన్నెవరు పిలవమన్నారు నానమ్మా అంది.

కోడలు కలం ఆపి నా మొహం చూస్తోంది, ఇది రాయాలా వద్దా అని. రాయి. పిలిచాను. కాదన్నానా?

జూన్ 10, మధ్యాహ్నం

మీటింగు నుంచి ఇప్పుడే వచ్చాం. చిన్న గది, ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్యాను తిరిగితే కాగితాలు ఎగురుతాయని ఆపేశారు. అందరూ చెమటలు కక్కుతున్నారు. నాకు కుర్చీ వేసి నీళ్ళిచ్చారు. మర్యాదకి లోటు లేదు.

దూడని ముట్టుకున్నావా పెద్దమ్మా అన్నారు. ముట్టుకోలేదన్నాను. ఎలా నమ్మమంటారు అన్నాడు మిల్లు ఆయన. నా వేలు మీ ఫైల్లో ఉంది నాయనా, ఆ వేలితోనే చెప్తున్నాను అన్నాను. మరి అరిచారుగా అన్నాడు. అరిచాను, సెలవులంతా అరిచాను, రూలు చదవండి, చెయ్యి అని ఉంది, నోరు పెట్టొద్దని ఎవరూ అనలేదు, మీరు మర్చిపోతే తప్పు నాదా అన్నాను. టీచరమ్మ రూలు తీసి చదివింది. నవ్వు ఆపుకోలేక దగ్గింది. మిల్లు ఆయన, ఇవి లాయరు మాటలు, అసలు విషయం దూడ ఎవరిదనేది, ఆ పిల్లకి దాన్ని నడిపించడం వచ్చా రాదా చెప్పండి అన్నాడు.

నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క మాట నాకు నచ్చింది. అసలు విషయం అదే.

లేచి నిలబడ్డాను. గ్రౌండుకి ఒక కొసన నేను నిలబడతాను, ఇంకో కొసన పిల్ల నిలబడుతుంది, మధ్యలో దూడని తాడు తీసి వదలండి, నా దగ్గరికొస్తే రిబ్బను నీ కూతురికి కట్టేయ్ అన్నాను. కోడలు నా కొంగు పట్టుకుని లాగింది. మిల్లు ఆయన నవ్వాడు. మీరు ఊరికే పెదాలు కదుపుతారు, మాకు తెలీదా అన్నాడు. నువ్వు నా పక్కనే నిలబడు, నా గొంతు తగ్గిందనిపిస్తే అక్కడికక్కడే ఆపించు అన్నాను. ఆదివారం అన్నారు.

బయట మెట్ల మీద పిట్ట కూర్చుని ఉంది. అంతా విన్నది. నన్ను చూసి లేచి ఇంటి దారి పట్టింది.

జూన్ 12

మావాడు ఫోను చేశాడు, ఎక్కడో లోడు దింపుతున్నాడట. అమ్మా, కాస్త మెల్లిగా పిలువు, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. టైలరు కూడా అదే సలహా. దగ్గొచ్చినట్టు నటించమన్నాడు. కోడలు పైకి అనలేదు గానీ రెండు రోజుల నుంచి నాకు చల్లనీళ్ళే ఇస్తోంది, గొంతు పట్టేస్తుందేమో అని ఆశ.

అందరికీ కలిపి ఒకటే సమాధానం. నేను దొంగపిలుపు పిలిస్తే పిల్ల దొంగగెలుపు గెలుస్తుంది. అప్పుడు మిల్లాయన అన్నదే నిజమవుతుంది, అది నా దయ మీద గెలిచిందని. వీల్లేదు.

జూన్ 13

పిట్ట వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. గట్టిగానే పిలువు నానమ్మా అంది. వెళ్ళిపోయింది.

జూన్ 14

గొంతు లేదు. గుసగుసగా చెప్తున్నాను, కోడలు చెవి నా మూతి దగ్గర పెట్టి రాస్తోంది.

జనం షో రోజు కంటే ఎక్కువ వచ్చారు. నేను ఈ కొసన, మిల్లు ఆయన నా పక్కన. పిట్ట ఆ కొసన, వేలెడంత కనబడుతోంది. మధ్యలో టీచరమ్మ బొగ్గుని పట్టుకుంది. తాడు తీసింది. ఈల ఊదింది.

పిలిచాను. రావే బొగ్గూ, రావే నా తల్లీ, అని పొత్తికడుపులోంచి పిలిచాను. చెవులు ఇటు తిప్పింది. తల తిప్పింది. నా వైపు అడుగు వేసింది. ఇంకో అడుగు. మిల్లు ఆయన ఊపిరి బిగపట్టాడు. నేనూ బిగపట్టాలనుకున్నాను. అక్కడే ఆపేస్తే సరిపోయేది. ఆపలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. వస్తోంది. నా కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, పిలుస్తూనే ఉన్నాను.

పిట్ట నోరు విప్పలేదు. చెయ్యి ఊపలేదు. దూడని ఒకసారి చూసింది. చూసి, వీపు తిప్పేసింది. తిప్పి గేటు వైపు నడిచిపోయింది. అయ్యో, ఓడిపోయానని ఏడుస్తూ పోతోందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

బొగ్గు ఆగింది. నన్ను చూసింది. ఆ వీపుని చూసింది. తోక ఎత్తి ఒక్కటే పరుగు! పిట్టని అందుకుని దాని భుజం పక్కన చేరి నడక అందుకుంది. తాడు లేదు, ఏమీ లేదు. పిట్ట వెనక్కి కూడా చూడలేదు. గేటు దగ్గర మలుపు తిరిగి గ్రౌండంతా ఒక రౌండు కొట్టింది, దూడ భుజం వదల్లేదు. జనం అరుపులు. మళ్ళీ మైకు కీచుమంది. బొగ్గు ఆగింది. పిట్టా ఆగింది, తిరగలేదు, ఊరికే నిలబడింది. దూడ దానంతటదే కదిలింది.

నేను పిలుస్తూనే ఉన్నాను. ఇక చాలు పెద్దమ్మా అన్నాడు మిల్లు ఆయన. రౌండు అవనీ అన్నాను. అయ్యేదాకా పిలిచాను.

రిబ్బను తెచ్చి మళ్ళీ కట్టారు. క్యాంపు మా పిల్లదే.

ఇంటికొచ్చాక అడిగాను, ఆ వీపు విద్య ఎవరు నేర్పారే అని. ఎవరూ కాదంది. ఎదురుగా నిలబడి లాగితే మొండికేస్తుందట, అటు తిరిగి పోతే నన్ను వదిలేసి ఎక్కడికి పోతోందని వెంటపడుతుందట. మరి ఒక్కసారైనా పేరు పెట్టి పిలవవేమే అన్నాను.

నువ్వు అరుస్తూనే ఉంటావు కదా నానమ్మా, నాకు పిలిచే సందేదీ అంది.

జూన్ 15

ఇది నేను, కోడలిని. అత్తయ్య గొంతు పూర్తిగా పోయింది. రాయమని సైగ చేస్తున్నారు.

పొద్దున్న మిల్లు ఆయన కూతుర్ని వెంటబెట్టుకుని మా గేటు దగ్గరికొచ్చారు. వాళ్ళ దూడ తాడు లేకుండా అడుగు వెయ్యదట, పిల్లకి కాస్త చూపిస్తారా అని అడిగారు. పిట్ట ఈతకి వెళ్ళింది. అత్తయ్య ఆయన్ని పైనుంచి కిందదాకా చూశారు. నోరు తెరిచారు. ఏమీ రాలేదు. అటు తిరిగి షెడ్డు వైపు నడిచిపోయారు.

మిల్లు ఆయన కాసేపు గేటు పట్టుకుని నిలబడ్డారు. తర్వాత తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ ఆవిడ వెనకాలే వెళ్ళారు.