బుధవారం లేచే పొగ

రాజమండ్రి,
1897 జూలై 5

ప్రియమైన మావయ్యకు మేనకోడలు దేవకుమారి వందనాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మా మిషను బడి తాటాకు కప్పు మాత్రం ఈ వానలకి క్షేమంగా లేదు.

మీరు ఏటా ప్రసంగంలో చెప్పే గుహని నేను చూడాలి. అది పోలవరం కొండలో నరకానికి వాకిలనీ, వానలు పడితే పొగ లేస్తుందనీ, కల్లు తాగేవాళ్ళూ చుట్టలు కాల్చేవాళ్ళూ చివరికి చేరేది అక్కడికేననీ మీరు చెబితే చిన్నప్పుడు వారం రోజులు పక్క తడిపాను. ఇప్పుడు మద్రాసులో ఎఫ్.ఏ. చదివొచ్చాను గనక, అది తడిసిన సున్నపురాయి ఆవిరని నా అనుమానం.

కళ్ళారా చూసిన వింత గురించి ఎవరు బాగా రాసిస్తే వాళ్ళకే పై తరగతుల ప్రకృతి శాస్త్రం అప్పగిస్తానని మా దొరసాని అన్నారు. పోటీ నాకూ మా బడి పంతులు భీమరాజు గారికీ. ఆయన కోడి గుడ్లు పొదగడం గురించి రాస్తున్నారు. కోడి చేతిలో ఓడిపోతే నేను పసిపిల్లలకి అక్షరాలు దిద్దిస్తూనే ముసలిదాన్నవుతాను. ఒక మోకు, ఒక లాంతరు, ధైర్యమున్న మనిషిని ఒకణ్ణి సిద్ధం చెయ్యండి.

మీ దేవకుమారి

తా.క. వాన తగ్గాక రమ్మనకండి. వాన తగ్గితే పొగా ఉండదని మీరే చెప్పారు.

*

పోలవరం,
జూలై 13

ప్రభువునందు ప్రియమైన చిరంజీవి దేవకుమారిని ఆశీర్వదించి ఉపదేశి యెహెజ్కేలు రాసేది.

మన ఆనవాయితీ ప్రకారం నీ ఉత్తరం ఆదివారం ఆరాధన కాగానే సంఘానికంతా చదివి వినిపించాను. అదే పొరపాటయింది. ఉపదేశిగారి మేనకోడలు నరకానికి వెళ్తోందని అందరూ అక్కడివాళ్ళకి కబుర్లు పంపుతున్నారు. దీనమ్మ లేచి, పోయిన తన మొగుడు ముసలయ్యని పడవ తాళంచెవి ఎక్కడ పెట్టాడో అడిగి రమ్మంది. "ఆయన పరలోకంలో ఉంటాడు కదమ్మా" అన్నాను. "ఆయన సంగతి మీకేం తెలుసండీ" అంది. చిట్టియ్య తన అత్తగారికి చెప్పమన్నాడు: ఇక్కడ అందరం సుఖంగా ఉన్నాం, బెంగపెట్టుకుని తిరిగి రావద్దని.

అమ్మాయీ, అది ఆవిరి కాదు. మొన్న బుధవారం కూడా లేచింది. గోదారి ఎర్రగా పొంగుతోంది. రావద్దు.

నీ మావయ్య

తా.క. కవరు అంటించమని మీ మావయ్య నాకిచ్చారు. అన్నం మెతుకుతో అంటించబోతూ అత్తయ్య ఏసమ్మ రాసేది: కొండ నిండా జలగలు, పాములు, పులులు. రాకు. వచ్చినా బుధవారం రాకు. ఆ రోజు మా స్త్రీల ప్రార్థన కూటం, నీకు అన్నం పెట్టే దిక్కుండదు.

*

రాజమండ్రి,
జూలై 19

మావయ్యకు వందనాలు.

నేను చూసి రావడానికే వెళ్తున్నానని, ఉండిపోవడానికి కాదని సంఘానికి చెప్పండి.

మీరు పొగ గురించి ఎప్పుడు చెప్పినా బుధవారమే అంటారేంటి? రాయికి వారాలెలా తెలుస్తాయి? అందుకే 28వ తేదీ బుధవారం స్టీమరుకే వస్తున్నాను. అత్తయ్యని బెంగపడొద్దనండి, అటుకులు తెచ్చుకుంటాను.

మీ దేవకుమారి

తా.క. సత్తియ్య పడవ రానుపోను మాట్లాడండి.

*

పోలవరం,
జూలై 23

చిరంజీవి దేవకుమారికి దీవెనలు.

సత్తియ్యతో మాట్లాడాను. "పోను వరకూ ఒప్పుకుంటానండి. రావడం మన చేతుల్లో ఉందాండీ?" అన్నాడు. వడ్రంగి వీరబ్రహ్మం వచ్చి నీ పొడుగెంతని అడిగాడు. నేను చెప్పకపోయినా పలకలు చిత్రిక పట్టేశాడు. నీకోసం పాడవలసిన పాట కూడా ఎంచారు, రాగం దగ్గర తగువొచ్చింది.

ధైర్యమున్న మనిషిని వెతికాను. మన మగవాళ్ళందరికీ ఆ రోజే నడుం నొప్పట. నాకూ నొప్పిగానే ఉంది.

నీ మావయ్య

తా.క. (అత్తయ్య) మొండిదానా, సరే రా. కానీ గుహ బయట నిలబడి ముందు గట్టిగా ఒక కీర్తన పాడు. కీర్తనంతా అయ్యాకే లోపలికి అడుగుపెట్టు. గట్టిగా, తెలిసిందా?

*

రాజమండ్రి,
ఆగస్టు 2

మావయ్యకు వందనాలు.

స్టీమరు కూత వేస్తుంటే రేవులో మీకేమీ చెప్పకుండానే ఎక్కేశాను. బతికి వచ్చినందుకు పాట మధ్యలో ఆపేయాల్సొచ్చిందని మనవాళ్ళు నొచ్చుకున్నట్టున్నారు, క్షమించమనండి.

వానలో తడిసి గొంతు పట్టేయడంతో కీర్తన పాడలేదు. నడుముకి మోకు కట్టుకుని, చప్పుడు చెయ్యకుండా పాక్కుంటూ దూరాను. గబ్బిలాలు జుట్టులో చిక్కుకున్నాయి. మలుపు తిరిగాక చూసింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పొగ నిజం. నిప్పు నిజం. ఆ నిప్పు వాళ్ళ నోళ్ళ లోపలే ఉంది. అయినా ఒక్కరూ ఏడవడం లేదు, పకపకా నవ్వుతున్నారు. నన్ను పేరుపెట్టి పిలిచి, కూర్చోమన్నారు.

మీ ప్రసంగంలో అక్షరం తప్పు లేదు. మగవాళ్ళెవరూ అటు వెళ్ళకండి.

దొరసానికి గుహ పటం, గబ్బిలాలు, పొగని పైకి లాగే బిలం అన్నీ గీసిచ్చాను. పొగ ఎక్కణ్ణుంచని అడిగారు. "అక్కడివారు నా దగ్గర మాట తీసుకున్నారండీ" అన్నాను. ఆవిడ చాలాసేపు నవ్వారు. ప్రకృతి శాస్త్రం నాకే ఇచ్చారు మావయ్యా! భీమరాజు గారి కోడి మధ్యలోనే గుడ్ల మీంచి లేచిపోయిందట.

మీ దేవకుమారి

తా.క. చిట్టియ్య అత్తగారు అక్కడ లేరు. అతన్ని జాగ్రత్తగా ఉండమనండి.

*

పోలవరం,
ఆగస్టు 10

నరకం చూసి తిరిగొచ్చిన ధీరురాలు దేవకుమారికి మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదువుతుంటే మగవాళ్ళు గడగడా వణికారు. చిట్టియ్య మంచం తెచ్చుకుని గుడిలోనే పడుకుంటున్నాడు. భక్తిలో మాత్రం ఆడవాళ్ళదే పైచేయి. ఊరి క్షేమం కోసం ప్రతి బుధవారం ఆ గుహ దగ్గరే ప్రార్థన చేస్తామని మీ అత్తయ్య, దీనమ్మ ముందుకొచ్చారు. కన్నీళ్ళతో అనుమతిచ్చాను. నీకోసం కోసిన పలకలతో వీరబ్రహ్మం వాళ్ళకి బెంచీలు చేసిచ్చాడు.

నిన్ను చూసి గర్వించే మావయ్య

తా.క. (అత్తయ్య) కోడలా, ఇన్నేళ్ళూ ఎండాకాలం ఇసుకతిప్పల మీదా, వానాకాలం ఆ గుహలోనూ, నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డచుట్టలు కాల్చుకుంటూ ప్రశాంతంగా ఉన్నాం. నువ్వు పాడకుండా దూరేసరికి దీనమ్మ నోట్లో ఉన్న నిప్పుకొస మింగినంత పని చేసింది. మీ మావయ్య చెప్పేది నిజమే, చుట్టలు కాల్చేవాళ్ళం చివరికి చేరింది అక్కడికే. ఇకనించి దొంగతనంగా కూడా కాదు, అనుమతితో! బెంచీ మీద నీ చోటు అట్టే పెట్టాం. వచ్చేటప్పుడు మంచి లంక పొగాకు కట్ట తీసుకురా. మొన్న నువ్వు దగ్గిన దగ్గు చూస్తే, నీకు రావలసిన శాస్త్రం ఇంకా చాలా ఉంది.